ఎర్రదారం కట్టిన గ్లాసు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. నన్ను హనుమకొండకు ఇచ్చారు. మా అన్నకు 41 ఏళ్లు. 14 ఏళ్లు దుబాయిలో పని చేశాడు. నిరుడు మళ్లీ పోదామని మెడికల్‌కు పోతే అన్‌ఫిట్ అన్నారు. హెచ్ఐవీ అని తేలింది. వదినకు పరీక్ష చేస్తే లేదని వచ్చింది. అన్న ఏడు నెలల నుంచి మందులు వాడుతున్నాడు. కరీంనగర్‌లో తెలిసినవాళ్లు చూస్తారని బస్సులు మారి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా వస్తాడు. ఇంత దూరం వచ్చినా మా ఇంటికి మాత్రం రాడు.

మా అన్న ప్రతి శనివారం భజనలో తాళాలు వాయించేవాడు. ఏటా ఆంజనేయస్వామి మాల వేసుకునేవాడు. ఇప్పుడు దేవుని అర్రలోకే పోవడం లేదు. తన గ్లాసుకు ఎర్రదారం కట్టుకుని వేరుగా పెట్టుకున్నాడు. ‘మాల తీసినంక దుబాయిల తప్పు చేసిన, స్వామి శిక్ష ఏసిండు’ అంటాడు. రాత్రి మూడింటికే లేచి అరుగు మీద కూర్చుంటాడట. మొన్న ఫోన్లో ‘నేను లేకుంటే మీకు ఈ కష్టం ఉండకపోవు’ అన్నాడు. కొండగట్టు అంజన్న గుడికి తీసుకుపోయి 41 రోజులు ఉంచుదామని అవ్వ అంటోంది. మా చుట్టం ఒకాయన అన్నను ఎవరి దగ్గరికో తీసుకుపోతే, ఆయన రిపోర్టు చూసి ‘నాట్ డిటెక్టెడ్ అని రాసి ఉంది, రోగం పోయింది, ఇక గోళీలు బంద్ చెయ్యి’ అన్నాడట. బాపుకు ఇంకా ఏమీ తెలియదు. రాఖీ పున్నానికి వస్తానంటే అన్న వద్దన్నాడు. నేనేం చేయాలి అక్కా?
ఒక చెల్లె, హనుమకొండ

సమాధానం:

చెల్లెమ్మా, దేవుడి సంగతి, కొండగట్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అన్న ఫోన్లో అన్న మాట. ‘నేను లేకుంటే’ అని ఎవరన్నా సరే, బాధలో ఏదో అన్నాడులే అని వదిలేయొద్దు. ఇది చదివిన వెంటనే ఫోన్ చేసి సూటిగా అడుగు: ‘అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తుందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అడిగితే పుట్టదు. నేను కౌన్సెలర్‌గా పని చేసినన్నాళ్లూ ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. ఎవరో ఒకరు అడిగారు కదా అని భోరున ఏడ్చి కాస్త తేలికపడ్డవాళ్లనే ఎక్కువగా చూశాను.

అవునంటే ఆయనను ఒక్కణ్నీ వదలొద్దు. వదినకు చెప్పి, ఇంట్లోగానీ బావి కాడి కొట్టంలోగానీ పురుగుల మందు ఉంటే ఈ రోజే అక్కణ్నుంచి తీయించు. ఆయనకు తెలియని చోట, తాళం వేసి ఉంచాలి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం వాళ్లది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆయన చేయనంటే నువ్వే చెయ్యి, ఇంటివాళ్లతో కూడా మాట్లాడతారు. ఇప్పుడే ఏదో జరిగేలా ఉంది అనిపిస్తే ఆలోచించకుండా 108.

ఇక గోళీలు. మీ చుట్టం తీసుకుపోయిన పెద్దమనిషి రిపోర్టు తప్పుగా చదవలేదు. తప్పుగా అర్థం చేసుకున్నాడు. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష చేస్తారు. ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వచ్చిందంటే రక్తంలో వైరస్ ఆ మిషన్‌కు దొరకనంత తక్కువైందని. అది చాలా మంచి వార్త. మీ అన్న మందులు క్రమంగా వేసుకుంటున్నాడని, అవి పని చేస్తున్నాయని అర్థం. కానీ వైరస్ ఒంట్లోంచి పోలేదు, కొన్ని కణాల్లో దాక్కుని ఉంది. నివురుగప్పిన నిప్పు. రోజూ వేసుకునే గోళీయే ఆ నివురు. అది ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ రాజుకుంటుంది. ఆపుతూ వేస్తూ ఉంటే కొన్నాళ్లకు ఆ మందు పని చేయకుండా కూడా పోవచ్చు. హెచ్ఐవీని పూర్తిగా నయం చేస్తానని ఎవరన్నా, ఏ మతంవాళ్లన్నా, ఎంత ప్రేమగా చెప్పినా నమ్మొద్దు. ఎయిడ్స్‌ను నయం చేస్తుందని చెప్పుకుని మందు అమ్మడాన్ని మన దేశంలో మందుల నియమాలే ఒప్పుకోవు.

ఆ రిపోర్టులో ఇంకో వరం కూడా ఉంది, అది మీ ఇంట్లో ఎవరూ చదవలేదు. వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గి, మందులు వాడుతూ అలాగే ఉన్నంత కాలం, శారీరక సంబంధం ద్వారా భార్యకు వైరస్ అంటదు. ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతి ఇది. ఇక గ్లాసుతో, కంచంతో, పక్కన కూర్చుంటే, బిడ్డను ఎత్తుకుంటే ఏ రోజూ అంటింది లేదు, మందులు వాడకపోయినా అంటదు. ఆ ఎర్రదారం ఎవరినీ దేన్నుంచీ కాపాడటం లేదు. మీ అన్న తనను తానే వెలేసుకోవడానికి మాత్రం పనికొస్తోంది.

నువ్వు అసలు అడిగింది ఇప్పుడు. స్వామి శిక్ష వేశాడన్న మాట.

ఈ మాట నేను వందసార్లు విన్నాను. మొక్కు తీర్చలేదని ఒకరు, ఇంటి దేవతకు బోనం ఎత్తలేదని ఒకరు, మసీదుకు పోవడం మానేసినందుకని ఒకరు, ఆదివారం ప్రార్థనకు పోలేదని ఇంకొకరు. దేవుడు మారినా బాధ అదే. అప్పట్లో నేనూ తొందరపడి ‘అయ్యో, అలా ఏం లేదు, దేవుడు మంచివాడు’ అనేసేదాన్ని. అది ఎదుటివాళ్ల నోరు మూయించడమే అని చాలా రోజులకు తెలిసింది. మీ అన్న నోట్లో రెండు వేరువేరు సంగతులు ఒకే ముడిలో పడ్డాయి. ఒకటి రోగం. ఇంకోటి తప్పు. ఆ ముడి విప్పాలి.

రోగం సంగతి: వైరస్ రక్తంలోంచి, శారీరక సంబంధంలోంచి, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. దానికి మాల తెలియదు, దీక్ష తెలియదు. పుట్టిన రోజునే దీంతో పుట్టిన పిల్లలున్నారు. వాళ్లు ఏ మాల తీసి ఏ తప్పు చేశారు? ఈ ఒక్క ప్రశ్న మీ అన్నను అడుగు. జవాబు కోసం ఒత్తిడి చేయొద్దు, అడిగి ఊరుకో.

తప్పు సంగతి వేరు. దుబాయిలో ఏదో జరిగిందని ఆయనే చెబుతున్నాడు. ‘ఏం కాలేదులే అన్నా’ అనకు. ఆయనకు తెలుసు ఏం జరిగిందో. 14 ఏళ్లు క్యాంపుల్లో, ఇంటికి దూరంగా, రెండేళ్లకోసారి సెలవు దొరికితే వచ్చిపోయే బతుకులో మనుషులు ఎలా ఒంటరైపోతారో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో తెలియని ఇల్లు లేదు. అయినా వదినకు జరిగిన అన్యాయం అన్యాయమే. ఆ తప్పుకు ఒక దారి ఉంది. వదిన ముందు కూర్చుని ఒప్పుకోవడం, ఆమె తిడితే పడటం, ఆమె సమయం ఆమె తీసుకోనివ్వడం. అది ప్రాణం ఇచ్చి తీర్చేది కాదు. ప్రాణం తీసుకుంటే ఆమెకు ఇంకో అన్యాయం చేసినట్టే. రోగాన్ని శిక్ష అనుకున్నంత కాలం ఆయన ఈ పని మొదలుపెట్టలేడు, ఎందుకంటే శిక్ష ఎలాగూ అనుభవిస్తున్నానని లోపల అనుకుంటాడు. ఇది నేను చాలామంది మగవాళ్లలో చూశాను.

మనసులో దేవుడు ఎలాంటివాడో ఒంటికీ తెలుస్తుందేమో అనిపించే పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన గెయిల్ ఐరన్‌సన్ అనే ఆమె, ఆమెతో పనిచేసినవాళ్లు హెచ్ఐవీతో ఉన్నవాళ్లను నాలుగేళ్లపాటు గమనించి 2011లో ప్రచురించారు. దేవుణ్ని దయగలవాడిగా, క్షమించేవాడిగా చూసినవాళ్లలో వ్యాధి నెమ్మదిగా ముదిరింది. శిక్షించేవాడిగా, తీర్పులు చెప్పేవాడిగా చూసినవాళ్లలో వేగంగా ముదిరింది. దేవుణ్ని నమ్మితే మందు అక్కర్లేదని దీనికి అర్థం కాదు. మీ అన్న పడుతున్న భయాన్ని ‘భక్తి’ అని పక్కన పెట్టకూడదని అర్థం.

ఆయనకు దేవుడి మీద కోపం కూడా ఉండి ఉంటుంది, చెప్పలేకపోతున్నాడు. చెప్పనివ్వు. భజనలో తాళాలు వాయించినవాడికి రామదాసు కథ తెలియకుండా ఉండదు. గోల్కొండ చెరసాలలో రాముణ్ని ఎంత మాట పడితే అంత మాట అని నిలదీసినవాణ్ని మనం ఇవాళ్టికీ భక్తుడనే అంటున్నాం. ‘స్వామిని తిట్టాలనిపిస్తే తిట్టు అన్నా, నా ముందు తిట్టు’ అను. నీతులు చెప్పకు, నీకంటే కష్టపడేవాళ్లు లేరా అనకు. ఆయన పక్కన అరుగు మీద కూర్చుని, మాట రాకపోతే ఊరుకుని కూర్చో.

నాకు గుర్తుండిపోయిన ఒక అమ్మ గురించి చెబుతాను. వరంగల్ దగ్గర ఊరు, భర్త పోయాడు, ఆమెకూ హెచ్ఐవీ ఉంది. నెలకోసారి మందుల డబ్బా తీసుకుపోయేది. బస్సులో అది గలగలలాడితే పక్కవాళ్లు ఏంటని అడుగుతారని లోపల దూది కుక్కుకునేది. బతుకమ్మకు వాడకట్టు వాళ్లు పిలవడం మానేశారు. ఆమె కూడా ఇంట్లో దీపం పెట్టడం మానేసింది, ‘నేను ముట్టుకుంటే దేవుడికి మైల’ అని. ఒకసారి మాట్లాడుతుంటే గోళీ ఏ టైముకు వేసుకుంటున్నావని అడిగితే మర్చిపోతున్నానంది. దీపం ఎన్నింటికి పెట్టేదానివని అడిగాను. పొద్దూకాక, ఏడింటికి. ఆ తర్వాత నెల వచ్చినప్పుడు తనే చెప్పింది: డబ్బాను పసుపు కుంకుమ భరిణెల పక్కన, దీపం సెగ తగలకుండా పై అరలో పెట్టుకుందట. ముందు దీపం, వెంటనే గోళీ. ‘రెండూ ఆయనకే పెట్టినట్టు అనిపిస్తుంది మేడమ్’ అంది. ఆ తర్వాత ఆమె మందు తప్పిన నెల నాకు తెలిసి లేదు. నేను చెప్పిన ఏ మాటా అంత పని చేయలేదు.

మీ అన్నకు ఈ దారి పనికొస్తుందేమో చూడు. ఆయనకు ఆంజనేయుడు ఉన్నాడు, ఆ దేవుడి దగ్గరికే మందును చేర్చొచ్చు. మాల వేసుకోవచ్చా అని ఆయన అడిగితే, ఒంట్లో ఓపిక ఉంటే నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. హెచ్ఐవీ ఉన్నవాడు మాల వేసుకోకూడదని నాకు తెలిసి ఏ దీక్షా నియమమూ లేదు. ఇప్పుడు చాలామందికి ఇస్తున్న రోజుకు ఒక్క గోళీ మందైతే తిన్నాకా వేసుకోవచ్చు, తినకుండానూ వేసుకోవచ్చు. కాబట్టి ఒంటిపూట భిక్ష దానికి అడ్డం కాదు. మరో రకం మందైతే డాక్టర్‌ను అడగాలి. గ్యాస్ గోళీలు, ఐరన్, కాల్షియం బిళ్లలు దాంతోపాటు కలిపి వేసుకోకూడదు, ఎంత తేడా ఉండాలో అక్కడే చెబుతారు. నాటు మందులు ఏవైనా సరే చెప్పకుండా వాడొద్దు.

రాత్రి మూడింటికి మెలకువ రావడం గురించి. అది దిగులు వల్ల కావచ్చు, కొందరిలో ఆ గోళీ వల్ల కూడా నిద్ర చెదురుతుంది. అలాంటప్పుడు రాత్రి బదులు పొద్దున వేసుకోమని డాక్టర్లే మార్చి ఇస్తారు. సొంతంగా మార్చొద్దు, అడగాలి. నిద్ర లేదు, ఆకలి లేదు, ఇష్టమైన భజన మీద కూడా మనసు పోవడం లేదు, బతకాలని లేదు. ఇన్ని ఒకచోట ఉన్నాయంటే అది డిప్రెషన్ అయి ఉండటానికి చాలా అవకాశం ఉంది. దానికి మందు ఉంది, హెచ్ఐవీ మందులతోపాటు వాడుకోవచ్చు. ఆయన ఈసారి ఎంజీఎంకు వచ్చినప్పుడు ఏఆర్టీ సెంటర్‌లో, అంటే హెచ్ఐవీ మందులు ఇచ్చే చోట, కౌన్సెలర్‌కు ఈ సంగతులు చెప్పమను, మానసిక వైద్యుడి దగ్గరికి వాళ్లే పంపిస్తారు. నీకు వీలైతే నువ్వు కూడా వెళ్లు, హనుమకొండ నుంచి ఎంత దూరం కనుక. అంత దూరం నుంచి రావడం కష్టమైతే దగ్గరి సెంటర్‌కు కార్డు మార్పించుకోవచ్చు, కానీ ఎవరైనా చూస్తారన్న ఆయన భయాన్ని కొట్టిపారేయకు. హెచ్ఐవీ గురించి ఏ అనుమానం ఉన్నా 1097కు ఫోన్ చేయొచ్చు, పేరు చెప్పాల్సిన పని లేదు. గల్ఫ్ జీతం ఆగిపోయింది కాబట్టి పైసల టెన్షన్ కూడా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛన్లలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకూ చోటుంది, దాని సంగతి కూడా కౌన్సెలర్‌నే అడగమను.

అవ్వ కొండగట్టు అన్నందుకు ఆమెను కోప్పడకు. మతి చలించినవాళ్లు అంజన్న సన్నిధిలో 41 రోజులు ఉంటే బాగవుతారని మన వైపు ఎంత పాత నమ్మకమో నీకు తెలుసు. కన్నతల్లి చేతిలో ఉన్న మందు అది. వెళ్లాలా వద్దా అని నేను చెప్పను, మీ అన్నను అడగాలి. ఆయనకు పోవాలని ఉంటే, 41 రోజులకు సరిపడా గోళీలు, తోడు ఒక మనిషి, పోకముందు డాక్టర్‌తో ఒక మాట, 14416 నంబర్ జేబులో. చచ్చిపోవాలన్న ఆలోచన ఇప్పుడు గట్టిగా ఉందంటే మాత్రం ముందు ఆసుపత్రి, తర్వాత కొండ. ఆయనకు ఇష్టం లేకపోతే బలవంతంగా తీసుకుపోకండి. ఎక్కడా, ఎవరి సన్నిధిలోనూ, కట్టేయడం అనేది వద్దు. తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టులో మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. ఇప్పుడు చట్టం కూడా గొలుసులను నిషేధించింది. అదే దేశంలో, గుజరాత్‌లోని ఉనావాలో మీరాదాతార్ దర్గాలో ముజావర్లు, అంటే దర్గా సేవకులు, దువా చేసి, అక్కడే కూర్చునే మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తారు. దవా, దువా రెండూ అంటారు దాన్ని, అంటే మందూ, ప్రార్థనా. మన దేవుళ్ల దగ్గర కూడా అలాంటిది రావాలని నా కోరిక. మేడారంలో ఇంతమంది జనం మధ్య బెల్లం ఎత్తుకుని గద్దె దగ్గరికి పోతుంటే నీకేం రోగమని సమ్మక్క ఏనాడైనా అడిగిందా?

బాపుకు ఇంకా ఏమీ తెలియదన్నావు. చెప్పాలా వద్దా అన్నది మీ అన్న ఇష్టం. నువ్వు చెప్పకు, అవ్వను చెప్పనివ్వకు, భజన బృందంలో గురుస్వామికి కూడా చెప్పకండి. నమ్మి చెప్పిన హెచ్ఐవీ సంగతిని ఆయన ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం చెబుతోంది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అది అమల్లో ఉంది. చట్టం మాట అటుంచినా, ఇప్పటికే మీ చుట్టం ఒకాయనకు తెలిసిపోయింది. ఆయనకు నువ్వే ఫోన్ చేసి మర్యాదగా, గట్టిగా చెప్పు: ఈ మాట నీ దగ్గరే ఆగాలి బాబాయ్ అని. మీకు ఏ వరసైతే ఆ వరస.

ఇంకొకటి. నీ ఉత్తరంలో వదిన గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఆమెకు లేదని వచ్చింది అని. అంతేనా? ఆమె నిద్రపోతోందా? ఇల్లు నడిపేదీ ఆమే, పిల్లలకు, మామకు ఏదో ఒకటి చెప్పి సర్దేదీ ఆమే, భర్త రాత్రి మూడింటికి లేస్తే మేల్కొని చూసేదీ ఆమే. మోసపోయానన్న బాధ ఎవరికి చెప్పుకోవాలి? మీ అవ్వకు చెప్పుకునే వీలు లేదు, తన తల్లిగారింట్లో చెప్పుకునే వీలు లేదు. ఆమెకు లేదని వచ్చిన పరీక్ష ఎప్పుడు చేశారో కనుక్కో, మళ్లీ ఎప్పుడు చేయించాలో సెంటర్‌లో చెబుతారు. మనమందరం అన్న కోసం కంగారుపడుతుంటే ఆమె ఒక్కతే మిగిలిపోతుంది. ఆమె కోపాన్ని ఎవరూ అణచొద్దు. ‘మగవాళ్లన్నాక’ అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

రాఖీకి వద్దన్నాడని ఆగిపోకు. కొట్లాడి వెళ్లు, చెల్లెకు ఆ హక్కు ఉంది. రాఖీ కట్టు, స్వీటు నీ చేత్తో నోట్లో పెట్టు, ఆయన చేత్తో నీకు పెట్టించుకో. దాహమైతే ఆ ఎర్రదారం ఉన్న గ్లాసే అడుగు. ‘అందులో వద్దు’ అంటాడు. ‘నాకు గందులోనే కావాలె’ అను. దారం నువ్వు తెంపకు, గ్లాసు తిరిగి ఇచ్చేసెయ్. ఎప్పుడు తెంపాలో ఆయన చూసుకుంటాడు. శనివారం దాకా ఉండగలిగితే ఉండు. తాళాలు ఎక్కడ పెట్టాడో వెతికి, దుమ్ము తుడిచి అరుగు మీద ఆయన పక్కన పెట్టు. వాయించమని అడగకు.

వదినతో కూడా ఒక పూట ఒంటరిగా కూర్చో, బావి దగ్గరికైనా తీసుకుపో. తిరిగొచ్చాక నాకు రాయి. అన్న నీ ప్రశ్నకు ఏమన్నాడో, వదిన పరీక్ష తేదీ ఎప్పుడో, రెండూ రాయి.